అగ్గువ సౌదా

ఏడో టైలు మీద చంద్రయ్య వేలి కణుపుతో రెండుసార్లు తట్టి చెవి వంచాడు. డొల్ల. పీకేశాడు. వర్లిలో ఎవరిదో వంటిల్లు. ఎవరిదైనా ఆయన చూసేది నేల ఒక్కటే. మహబూబ్‌నగర్ నుంచి వచ్చి నలభై ఏళ్లుగా టైళ్లు పరుస్తూ ముంబై అంతా మోకాళ్ల మీద తిరిగిన మనిషి. ఆ మోకాళ్లిప్పుడు పొంగిన రొట్టెల్లా ఉన్నాయి. గోళ్ల సందుల్లో తెల్ల సిమెంటు స్నానానికి పోదు, పండక్కీ పోదు.

"తూ, ఏం కంపెనీ రా ఇది!" అని టైళ్ల డబ్బా వంక చూసి నోరు మూసుకున్నాడు. డబ్బా మీద నెమలి బొమ్మ. మోకాలి ఆపరేషనుకని దాచిన అరవై వేలూ ఆ నెమలి కంపెనీ షేర్లలోనే ఉన్నాయి.

ఈ పాపమంతా, చంద్రయ్య లెక్కలో, శంకర్రావుది. కామాటిపుర పదకొండో గల్లీలో, వరస గదుల చాల్‌లో చంద్రయ్యకు పక్కగది. బ్యాంకులో ప్యూనుగా రిటైరైన ఆ ముసలాయన వరండాలో కుర్చీ వేసుకుని, చాయ్ తాగుతూ షేర్లు కొనేవాడు. కొని ఊరుకునేవాడు. ఆ ఊరుకోవడమే చంద్రయ్యకు మండేది. మొన్న ఫ్రిజ్, నిన్న భార్య రత్నాబాయికి గాజులు. గోడ అవతల ఆ గాజులు గలగలమంటే ఇవతల చంద్రయ్యకు ముద్ద దిగేది కాదు.

పైగా నాలుగేళ్ల కిందట ఆయనే అడిగాడు: "చంద్రయ్యా, ఏ కంపెనీ టైలు నీ చేతిల పగలదు?" చంద్రయ్య పేరు చెప్పి, ఓ ముక్క కూడా తెచ్చిచ్చాడు. శంకర్రావు ఏడాది ఆగి, ధర పడ్డాక అగ్గువకు ఆ కంపెనీ షేర్లు కొన్నాడు. మూడింతలయ్యాయి. చెవి ఒకరిది, గాజులు ఇంకొకరివి!

వింటానంటే శంకర్రావు ఉపదేశం కూడా ఉండేది. "ఇన్ని గల్లీలల్ల నాకు కండ్లు మూసినా తెలిసేటివి మూడే. గా మూడిట్లనే తిరుగుత. ఎంతొస్తదని కాదు, ఎట్ల మునుగుతనని మొదలు అడగాలె. నూరు టైల్స్ పడితే నూటపది తెప్పిస్తవ్ గద, పగుల్తయని? షేర్ గూడ గట్లనే. నూరు విలువున్నది డెబ్బైకి దొరికితెనే తీస్కో. లేకుంటె చాయ్ తాగు."

"చాయ్ తాగనీకె నాకు కుర్చీ యాడున్నది కాకా?" అనేవాడు చంద్రయ్య.

ముసలాయన్ని ఒక్కసారైనా ఓడించాలని, నాగ్‌పాడాలో సిమెంటు కొట్టువాడు నెమలి షేరు రోజూ పెరుగుతోందంటే, చెప్పాపెట్టకుండా అదే కొన్నాడు. తను రోజూ తిట్టి పీకేసే టైలు ఆ కంపెనీదేనన్న సంగతి అప్పుడు తట్టలేదు. అసూయకు చెవులుండవు.

మధ్యాహ్నం డబ్బాల మీద కూర్చుని ఫోను చూస్తే అరవై కాస్తా ముప్పై అయింది. ఒక మోకాలు పోయింది. అమ్మాలా, ఆగాలా? అడగదగినవాడు ముంబై మొత్తానికి ఒక్కడే. అడగబుద్ధి కానివాడూ వాడే. బస్సు దిగేసరికి మనసు వంచుకున్నాడు. అడుగుతాను, నవ్వితే నవ్వనీ.

మెట్లెక్కితే కుర్చీ ఖాళీగా ఉంది. గుమ్మం ముందు చాలా చెప్పులున్నాయి.

"చాయ్ తాగిండు చంద్రయ్యా," అంది రత్నాబాయి గోడకు ఆనుకుని. "పేపర్ సదువుకుంట అట్లనే తల వాల్చిండు. పండిండనుకున్న."

లోపలికెళ్లి చూశాడు. నిద్రపోయే మొహమే. ఆసుపత్రి లేదు, సూది లేదు, బిల్లు లేదు. కుర్చీలో, అదీ చాయ్ అయ్యాక. కళ్లు తుడుచుకుంటూనే అనేశాడు చంద్రయ్య:

"సావు గూడ అగ్గువకే కొట్టిండు కాక!"

రత్నాబాయి ఏడుస్తూనే ఫక్కున నవ్వింది. తర్వాత మరింత ఏడ్చింది.

వరండాలో కుర్చీ పక్కన నేల మీద ఆయన చాయ్ గ్లాసు. దాని కింద చంద్రయ్య ఇచ్చిన టైలు ముక్క. "నీదే గద, తీస్కపో," అందామె. గ్లాసు పక్కన పెట్టి, ముక్కను తిప్పి చూశాడు. వెనక గరుకు మీద పెన్సిలుతో వంకర తెలుగులో రెండు వరుసలు. పైన ఆ మంచి కంపెనీ పేరు, 'చంద్రయ్య బాగుందన్నడు.' కింద, 'నెమలి. చంద్రయ్య వద్దన్నడు.'

తను ఎప్పుడన్నాడో గుర్తులేదు. రోజూ అంటూనే ఉన్నాడు కదా. ఇక ఎవరినీ అడగవలసిన పని లేదు. రేపు మార్కెట్ తెరవగానే అమ్మేయడమే.

ఖాళీ కుర్చీలో కూర్చోలేక, అలవాటుగా మోకాళ్ల మీద వంగి ముక్కను యథాస్థానంలో పెట్టి, కణుపుతో తట్టాడు. గట్టిగా పలికింది. దాని మీద చాయ్ గ్లాసు దించిన గుండ్రటి మరక ఇంకా జిగటగానే ఉంది.