కిరీటం గదికి పదడుగులు

మా ఇయారాకి ఆరేళ్లు. కాలికి వేసిన కట్టు విప్పి నెల దాటినా ఎడమ పాదం నేల మీద మోపనంటుంది. ఎముక అతుక్కుంది, మిగిలింది భయమే అన్నాడు డాక్టరు. ఆ మాటతో నా భయం రెండింతలైంది, భయానికి కట్టు కట్టలేం కదా. సోమవారం బడి తెరుస్తారు. నేను ఏడో తరగతిలోనే మానేసినదాన్ని. నా కూతురు మొదటి రోజే చంకనెక్కి వెళ్తే పిల్లలు ఏమంటారో అని నాకు ఒకటే గుబులు.

అలాంటప్పుడు మా అత్త నెయిడి, కొండ మీదున్న పెట్రోపొలిస్ ఊరికి ప్రయాణం పెట్టింది. "ఒకప్పుడు మన బ్రెజిల్‌ని ఏలిన చక్రవర్తి కిరీటం చూపిస్తా" అంది. ఇక పిల్లకి వారమంతా కిరీటం జపమే. బస్సు కొండెక్కుతుంటే నాకూ ఒళ్లంతా హుషారుగా అనిపించింది.

ఇప్పుడు మ్యూజియం చేసిన ఆ చక్రవర్తి రాజభవనం తోటలో, ఆ పొడవాటి పామ్ చెట్ల కింద, ఇయారాని మోసుకుని రెండు చుట్లు తిరిగాను. దిగమంటే నా మెడ ఇంకా గట్టిగా పట్టుకుంది.

"దింపవే దాన్ని, నీ నడుం పోతుంది," అంది అత్త.

"పడితే?"

"పడితే లేస్తుంది. నీ మొగుడు ఎన్నిసార్లు పడ్డాడో. తల గట్టిపడింది, అంతే."

లోపల చెక్కనేల మీద గీతలు పడకూడదని, వచ్చినవాళ్లంతా బూట్ల మీదే మెత్తటి గుడ్డ చెప్పులు తొడుక్కోవాలి. మా ముందు ఇద్దరాడపిల్లలు వాటితో సర్రున జారుకుంటూ పోయారు.

"నాకూ అవి కావాలి," అంది ఇయారా.

"నడిచేవాళ్లకేనమ్మా," అంది చెప్పులిచ్చే ఆవిడ. "చంకలో ఉన్నదానివి, నీకెందుకు?"

ఇయారా నా చంకలోంచి జారి దిగింది. చెప్పులు తొడుక్కుంది. పాదాలు ఎత్తకుండా, నా వేలు పట్టుకుని జారడం మొదలుపెట్టింది. మూడో గదికొచ్చేసరికి నా వేలు వదిలేసి కిలకిలా నవ్వుతోంది.

"పాపా, ఇది జారుడుబల్ల కాదు," అన్నాడు కాపలా ఆయన. "పాదం ఎత్తి నడువు. లేదంటే బయటికే."

"అయ్యా, దాని కాలు..." అంటూ నేను ముందుకెళ్లాను. అత్త మోచేత్తో పొడిచింది. "నోరు మూసుకుని చూడు."

"కిరీటం ఎక్కడ?" అని ఇయారా ఆయన్ని అడిగింది.

"పక్క గదిలో. పదడుగులు."

"చక్రవర్తి కూడా ఇవే వేసుకునేవాడా?"

"ఆయనకెందుకు? గీతలు పడితే ఆయన నేలేగా."

ఇయారా తలుపు వైపు చూసింది, కాలి వైపు చూసింది. ఎడమ పాదం ఎత్తింది. పెద్ద చెప్పు వేళ్లకి వేలాడింది. పాదం మోపింది. మళ్లీ ఎత్తింది. కిరీటం దాకా పదడుగులు కాదు, పదిహేడు. నేను లెక్కపెట్టాను.

తోటలోకి వచ్చాక అత్త అడిగింది. "ఎన్ని వజ్రాలే ఆ కిరీటానికి, కళ్లు చెదిరాయి కదా?"

"నేను చూడలేదత్తా."

"ఎదురుగానే నిలబడ్డావు కదే."

"దాని కాళ్లే చూస్తున్నా."

"అమ్మ చూడలేదా? రా, నేను చూపిస్తా," అంది ఇయారా. మా కోసం ఆగలేదు. కొంచెం కుంటుతూ, వట్టి బూట్లతో, మళ్లీ గుమ్మం వైపు నడిచింది.