నబుకేరా తల మీద నా చెయ్యి

ఇలా దగ్గరికి జరగండి, ఎండబోసిన కాఫీ గింజలు తొక్కకుండా. నా గొంతు దూరం వినపడదు, పైగా ఇది గట్టిగా చెప్పుకునే సంగతీ కాదు.

నా మనవరాలు నబుకేరాకి ఆరేళ్ళు. నా కూతురు దాన్ని కన్న వారానికే పోయింది. పిల్లకి మాటలు ఆలస్యంగా వచ్చాయి, వచ్చినవీ నాలుగే. ఇంటికి ఎవరొచ్చినా అరుపు, రక్కుడు, కొరుకుడు. పాస్టరు భార్య మణికట్టు మీద మచ్చ ఇంకా ఉంది. ఆడపిల్ల అన్నాక పెద్దల ముందు మోకాళ్ళ మీద కూర్చుని పలకరించాలి కదా, ఇది గుంజలా నిలబడేది. "ముసల్ది గారం చేసి చెడగొట్టింది" అని ఊరంతా నన్నే అనేది.

ఇంతలో దాని మేనత్త నలుమన్సి మసాకా పట్నం నుంచి కబురు పంపింది. "మూడు వారాల్లో, శనివారం వస్తున్నాను. ఈసారి కూడా కొరికితే తీసుకెళ్ళి ప్రార్థనల ఇంట్లో పెడతాను" అని. ఆ ఇంట్లో దయ్యం వదిలేదాకా పిల్లల్ని మంచానికి కట్టేస్తారు. మాలో పిల్ల తండ్రి వంశానికే చెందుతుంది. మేనత్త అడిగితే కాదనడానికి అమ్మమ్మని నేనెవర్ని? కబురు విన్నది మొదలు నాకు కాలు ఒకచోట నిలవలేదు. అరటికాయలు చెక్కుతూ లేచేదాన్ని, ఎందుకు లేచానో మరిచిపోయి మళ్ళీ కూర్చునేదాన్ని.

ఆరోగ్య కేంద్రం నర్సుని బతిమాలితే అమొనీ అనే అమ్మాయిని పంపింది. ఇలాంటి పిల్లల సంగతే చదువుకుందట. మా దేశంలోనే ఉత్తరాది పిల్ల, మా భాష కుంటుతూ మాట్లాడేది. మందివ్వలేదు, మందలించలేదు. నీళ్ళ డబ్బా బోర్లించుకు కూర్చుని, మూడు రోజులు నబుకేరానే చూస్తూ పుస్తకంలో గీతలు గీసింది.

"అమ్మాయ్, పిల్లని బాగుచెయ్యడానికొచ్చావా, నా అరటికాయ కూర తినడానికొచ్చావా?" అన్నాను.

"రెండిటికీ, అమ్మమ్మా. పల్లీల పులుసు ఇంకొంచెం వెయ్యండి."

మూడో రోజు గీతలు చూపించింది. నాకు గీతలేం తెలుస్తాయి? అందుకని నా కాఫీ గింజలే తీసి చాప మీద పేర్చింది. ఒకవైపు పదకొండు, ఇంకోవైపు రెండు.

"పదమూడుసార్లు అరిచింది. ఈ రెండూ ఎందుకో నాకు తెలియలేదు. ఈ పదకొండుసార్లూ అరుపుకి ముందు దాని తల మీద ఒక చెయ్యి పడింది, మోకాళ్ళ మీదకి వంచడానికి."

"ఎవరి చెయ్యి?"

అమొనీ గింజల వరస సరిచేస్తూ కూర్చుంది. నా చేతివైపు కూడా చూడలేదు, మంచిపిల్ల.

నాకు ఒళ్ళు మండింది. "మా అమ్మ నన్నూ అలాగే వంచింది. నేనెవర్నీ కొరకలేదే!"

"మీకది చెయ్యిలాగే తగిలింది అమ్మమ్మా. దానికి నిప్పులా తగులుతోందేమో. వద్దని చెప్పడానికి దాని దగ్గర మాట లేదు, పళ్ళే ఉన్నాయి. పళ్ళకి బదులు ఇంకోటి ఇద్దాం."

రెండు చేతులూ గుండెల మీద అడ్డంగా పెట్టుకుంటే 'ముట్టుకోవద్దు' అని అర్థం. అది నేర్పింది. పిల్ల అలా పెట్టుకుందంటే ఎవరి చెయ్యయినా అక్కడికక్కడే ఆగాలి, నాదైనా సరే.

ఇక చూడండి నా తిప్పలు! స్నానానికి పిలిస్తే చేతులు అడ్డం. గౌను మార్చబోతే అడ్డం. ముక్కు తుడవబోయినా అడ్డమే.

"నన్ను ఆడిస్తోందే!" అన్నాను.

"ఆడించనివ్వండి. మీ చెయ్యి నిజంగా ఆగుతుందా లేదా అని చూసుకుంటోంది."

రెండో వారం చివర్లో తనంతట తానే వచ్చి నా ఒళ్ళో తల పెట్టింది. నేను చెయ్యి కదపలేదు, భయమేసి.

శనివారం వచ్చింది. వానకి దారి బురదై అమొనీ రాలేదు. నలుమన్సి వచ్చి ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీలో కూర్చుంది. నబుకేరా గుమ్మం పట్టుకుని నిలబడింది.

"ఏం అత్తయ్యా, ఈ పిల్లకి మోకాళ్ళు పెట్టడం దేవుడు మర్చిపోయాడా?" అంటూ నలుమన్సి లేచి చెయ్యి చాచింది. పిల్ల చేతులు అడ్డం పెట్టుకుంది.

"ఏంటిది, చలేస్తోందా?" అని ఇంకా ముందుకొచ్చింది.

పిల్ల పెదవులు విడివడి, పళ్ళు బయటపడుతున్నాయి. అంతలో నా చెయ్యి, పాడు చెయ్యి, దానంతటదే పిల్ల తలవైపు లేచింది. వంచేస్తే గండం గడుస్తుందనుకుంది కాబోలు. నబుకేరా నా చేతినే చూస్తోంది.

ఆ చేతిని నేలకి ఆనించాను. మోకాళ్ళు పటపటమంటుంటే దాని మీదే బరువు వేసి, నలుమన్సి ముందు నేనే మోకరిల్లాను.

"దాని బదులు నేను పలకరిస్తున్నానమ్మా. పగలు బాగా గడిచిందా? దాన్ని ముట్టుకోకు. వద్దని చెబుతోంది. కొరక్కుండా చెబుతోంది, చూడు."

"అయ్యో అత్తయ్యా, లేవండి! తల్లిలాంటివారు నా ముందు మోకాళ్ళేంటి? ఊరు నా మొహాన ఉమ్ముతుంది!" నాకంటే ఎత్తులో ఉండకూడదని నలుమన్సి కంగారుగా తనూ నేల మీదకి దిగిపోయింది.

ఇద్దరం ఎదురెదురుగా మోకాళ్ళ మీద. పిల్లొక్కతే నిలువునా, మా ఇద్దరికంటే ఎత్తుగా. మమ్మల్ని మార్చి మార్చి చూసింది. మెల్లగా చేతులు వదిలింది.

"రాత్రి బాగా నిద్రపట్టిందా?" అంది. రోజూ పొద్దున్నే నా నోట వినే పలకరింపు అది, విన్నది విన్నట్టే అప్పజెప్పింది.

"మధ్యాహ్నం దాటిందే పిల్లా!" నలుమన్సి పకపకా నవ్వింది. చెయ్యి మాత్రం తన ఒళ్ళోనే ఉంచుకుంది.

సాయంత్రం ఒక్కతే వెళ్ళింది. "క్రిస్మస్‌కి మళ్ళీ వస్తాను. అప్పుడు చూస్తాను" అంది. ఇంకెంత, రెండు నెలలే. మొన్న బుధవారం నబుకేరా నన్ను కొరికింది కూడా. వెనకనుంచి పట్టుకున్నాను, తప్పు నాదే. మోకరిల్లడం దానికి ఇంకా రాలేదు, వస్తుందో లేదో తెలియదు. గేటు దగ్గర ఎవరి అలికిడైనా నా చెయ్యి ఇప్పటికీ లేవబోతుంది. కొంగులో దోపి అణిచిపెట్టుకుంటాను.

మీరు ఇంటికి వెళ్ళేదారిలో ఇది మనసులో తిప్పుకుంటూ వెళ్ళండి. నాలాంటి ముసలిది ఎవరైనా పిల్ల తల మీదకి చెయ్యెత్తడం చూస్తే, పక్కన కూర్చుని ఈ కథ చెప్పండి. ఆ పదకొండు గింజల సంగతి మాత్రం మర్చిపోకండి.