నడినీళ్ళల్ల అనిపించిన మాట

ఆ పొద్దున ఆకాశం తెల్లవారినట్టే తెల్లవారి మళ్ళీ మసకబారింది. పడమట మొగులు పాత ఇత్తడి బిందె రంగులో ఉబ్బి కదలకుండా నిలబడింది. ఆకు అల్లాడటం లేదు. వందన జొన్నరొట్టెలు డబ్బాలో సర్దుతూ కిటికీలోంచి చూసింది.

"మొగులు మంచిగ లేదు. ఇయ్యాల వద్దు తియ్యి."

"బహ్రెయిన్ సముద్రంల తెరచాప పడవ నడిపినోన్ని. గీ ప్రాజెక్టు నీళ్ళకు భయపడాల్నా?" అన్నాడు కొండల్.

అక్కడ ఎవరో షేక్ షికారు పడవ మీద ఏళ్ళ తరబడి పనిచేసి, మొన్న చలికాలంలో ఊరికి తిరిగొచ్చాడు. చేపలోళ్ళ పాత పడవ కొని నిలువు కొయ్య నాటాడు. వడ్లు ఆరబోసే పట్టాను తెరచాపగా కుట్టింది వందనే. సూదులు విరిగాయి, వేళ్ళు పగిలాయి. చూసినవాళ్ళందరికీ కొండల్ "నేను చేసిన పడవ" అని చెప్పుకున్నాడు. దానిమీద జనాన్ని తిప్పుతాడట. ఒడ్డున వాళ్ళకు వండిపెట్టడానికి వందన అంగన్‌వాడీ సెంటర్లో టీచర్ పని మానెయ్యాలట. నెలలుగా ఇదే పోరు. ఆమె ఊ అనలేదు. నిన్న మాత్రం ఆ ఊసెత్తకుండా "ఒక్క దినం నాతోని తిరగరాదూ" అన్నాడు. పెళ్ళయ్యాక ఎక్కడికైనా రమ్మనడం అదే మొదలు. పోరు ఒడిసిందనుకుంది. మెట్‌పల్లిలో కొన్న పట్టుచీర కట్టుకుంది.

ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు, "ఫోన్ నీళ్ళల్ల పడ్తది, ఇంట్ల వెట్టి రా" అన్నాడు. పెట్టి వచ్చింది.

ప్రాజెక్టులో మునిగిన పాత ఊరి మీదికి వచ్చేసరికి గాలి పెరిగింది. కరెంటు స్తంభాల తలలు మాత్రమే పైకి కనబడుతున్నాయి. వాటిమీద నీటికాకులు రెక్కలు చాపి కూర్చున్నాయి. కొండల్ తెరచాప దించాడు. పడవ ఆగింది. ఒడ్డు రెండు వైపులా గీతంత.

"ఇగ చెప్పు. సెంటర్ ఎప్పుడు బంద్ చేస్తవ్?"

"ఇంటికి పోయినంక మాట్లాడుకుందాం."

"ఇంట్ల నీకు నోరు లేస్తది. ఈడనే చెప్పు."

రెండు కాళ్ళూ చెరో అంచు మీద పెట్టి పడవను ఊపాడు. నీళ్ళు ఆమె ఒళ్ళోకి చిమ్మాయి. పట్టు తడిసి బరువెక్కింది. మళ్ళీ ఊపాడు. నవ్వాడు.

"ఉట్టిగనే అంటున్న. ఈత రాదు గద నీకు?"

ఉట్టిగనే. పెళ్ళైన కొత్తలో కూరగిన్నె గోడకు విసిరికొట్టి, ఆమె వణుకుతుంటే అన్నదీ ఆ మాటే. బహ్రెయిన్ నుంచి ఫోన్లో "ఎవనితోని నవ్వుతున్నవే" అని అడిగి, ఆమె ఏడ్చాక అన్నదీ అదే. "మొగోడు నవ్వులాటకు అంటే ముక్కు చీదుతవేందే" అని అత్త కొమురవ్వ కసిరితే, తనకే నవ్వడం చాతకాదేమో అనుకుని వాళ్ళతోపాటు నవ్వడం నేర్చుకుంది. ఏళ్ళ తరబడి అట్లా నవ్వింది. సెంటర్లో ఒక పిల్ల ఇంకో పిల్లను గిచ్చి "ఉట్టిగనే టీచరమ్మా" అంటే మాత్రం తను నోటిని చూడదు, చేతిని చూస్తుంది. గిచ్చిన చెయ్యి ఇంకా పట్టుకునే ఉంటుంది. ఇంట్లో ఇన్నేళ్ళు తను ఎందుకు నోటినే చూసింది? ఇప్పుడు కిందికి చూసింది. కొండల్ నోరు నవ్వుతోంది. కాళ్ళు మాత్రం అంచులను అదుముతూనే ఉన్నాయి.

"బంద్ చేస్త" అంది.

పడవ నిమ్మళించింది. "గీ మాట ముందుగాల్నే అంటే అయిపోవు గద" అని అతను తెరచాప ఎత్తాడు.

"ఆకలైతుంది. గా గడ్డకు పోదాం" అంది వందన, నీళ్ళ నడుమ తేలిన మిట్టను చూపిస్తూ.

గడ్డ మీద పరశురాములు బర్రెలు మేపుతున్నాడు. కొండల్‌కు కాక వరుస. గడ్డకు అవతలి పక్క మోకాలి లోతే, పొద్దుగూకితే బర్రెలు అటే ఇంటికి నడుస్తాయి. కాళ్ళకు బురద తగలగానే వందన డబ్బా పట్టుకుని నేరుగా ఆ ముసలాయన దగ్గరికి పోయి, అక్కడ నిలబడి వెనక్కి తిరిగింది.

"సెంటర్ బంద్ చెయ్య. అది నడినీళ్ళల్ల పడవ ఊపి అనిపిచ్చిన మాట. మామా, ఇంటున్నవ్ గదా? నేను నీ బర్లెంబడి నడిచి వస్త. గా పడవ మల్ల ఎక్క."

"నవ్వులాటకు ఊపిన కాకా! గిదేమో..." కొండల్ నవ్వబోయాడు.

పరశురాములు నవ్వలేదు. నడుము దాకా తడిసిన ఆమె చీరను చూశాడు. కట్టె పక్కన పెట్టి చేతులు కడుక్కుని వచ్చాడు.

"రొట్టె ఏమన్న ఉన్నదా బిడ్డా?" అంటూ ఇద్దరి నడుమ కూర్చున్నాడు.

వందన ఆయనకు రొట్టె పెట్టింది. తర్వాత తనకు పెట్టుకుంది. కొండల్‌కు వడ్డించలేదు, డబ్బా మాత్రం తెరిచి ఉంచింది. అతను చాలాసేపు నిలబడి, చివరికి కూర్చుని తనే చెయ్యి చాపి తీసుకున్నాడు. మొగులు నెత్తిమీదికి వచ్చింది. ముగ్గురూ తిన్నారు.