పద్నాలుగు మాత్రలు

ఆ కళ్లజోళ్ల షాపులో అతన్ని అందరూ మౌనిబాబా అంటారు. ఇరవై నాలుగేళ్లవాడు. పొద్దస్తమానం వెనక గదిలో కూర్చుని అద్దాలు అరగదీస్తాడు. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఆ అద్దాన్ని ఫ్రేములో పెట్టనివ్వడు. అంత లెక్క తెలిసినవాడికి సొంత ఒంటి సంగతికొచ్చేసరికి బుర్ర మోకాల్లోకి జారింది.

ముందు కౌంటర్లో కూర్చునే అమ్మాయికీ అతనికీ ఆరు నెలలుగా ప్రేమ. ఆ అమ్మాయిదీ ఇంచుమించు అదే వయసు. కండోమ్ కొందామని మందుల షాపుకి మూడుసార్లు వెళ్లాడు మహానుభావుడు. షాపాయన "ఏం కావాలి బాబూ?" అనగానే నాలుక పిడచకట్టుకుపోయింది. మూడుసార్లూ టూత్‌పేస్టు కొనుక్కొచ్చాడు.

ఓ రోజు ఒంటేలుకి వెళ్తే మంట. ఆసుపత్రిలో పరీక్ష చేసి, పాత పరిచయం ఎవరో అంటించిన రోగం నెలల తరబడి ఒంట్లో దాక్కుందని చెప్పారు. నర్సమ్మ రోజుకి రెండు చొప్పున వారానికి పద్నాలుగు మాత్రలిచ్చింది. "ఇప్పుడు నీతో ఉన్న అమ్మాయి కూడా రావాలి. ఈ చీటీ చూపిస్తే చాలు, పేరు కూడా అడగం" అని తేదీ వేసి ఓ చీటీ చేతిలో పెట్టింది.

చీటీ ఇవ్వాలంటే సంగతి చెప్పాలి. చెప్పాలంటే సిగ్గుతో ప్రాణం పోయేలా ఉంది. అందుకని చీటీ పర్సులో దాచేసి, మాత్రల్ని చెరి ఏడూ లెక్కగా పంచాడు. తన వాటా తను మింగాడు. "నీరసంగా ఉంటున్నావు, బలానికి వేసుకో" అని మిగతా ఏడూ ఆమెకిచ్చాడు. ఇద్దరికీ వైద్యం జరిగిపోయిందని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు కూడా.

నెల తిరిగేసరికి మంట మళ్లీ వచ్చింది.

"పంచావా?" నర్సమ్మ నెత్తి కొట్టుకుంది. "ఇవేమన్నా పప్పుబెల్లాలా నాయనా? సగం మందుతో నీకూ తగ్గలేదు, ఆ అమ్మాయికీ తగ్గదు. ఆడపిల్లలకి పైకేం కనబడకపోయినా లోపల ముదిరిపోతుంది. రేపు ఆ పిల్లకి బిడ్డలు పుట్టకపోతే ఏం చెప్తావు? ఇవాళే తీసుకురా."

మధ్యాహ్నం షాపులో జనం పలచబడ్డాక ఆమెని వెనక గదిలోకి పిలిచాడు. నలిగిన చీటీ చేతికిచ్చి, అద్దాల మిషన్‌కేసి చూస్తూ మొత్తం చెప్పేశాడు. చీటీ మీద తేదీ చూసి ఆమె అడిగింది.

"నెల నించీ తెలుసా నీకు?"

"ఊఁ."

"బలం మాత్రలన్నావు, అవేనా?"

తల ఊపాడు. చెంప పగలగొట్టినా బాగుండుననిపించింది. ఆమె మాత్రం నెమ్మదిగా స్టూలు మీద కూలబడింది.

"మూడు వారాలుగా నాకు పొత్తికడుపులో నొప్పి. నేనే సరిగ్గా శుభ్రంగా ఉండట్లేదేమో, నాకే ఏదో పాడురోగం వచ్చిందేమో అనుకున్నాను. అమ్మకి కూడా చెప్పుకోలేక చచ్చాను. నీకెక్కడ అంటుకుంటుందోనని, పనుందని అబద్ధాలాడి నీ దగ్గరికి రావడమే మానేశాను."

అతను మిషన్ మీంచి చూపు తిప్పి, అప్పుడు ఆమె మొహంలోకి చూశాడు.

"పద," అని లేచింది ఆమె. "నర్సమ్మ దగ్గర మాత్రం నువ్వే మాట్లాడాలి."