ఊరికే పోయిన ఊరు

జక్కమ్మ కడుపులో గడ్డ లేచిందనీ, అది కొబ్బరికాయంత అయ్యేదాకా ఇంట్లోవాళ్ళు దాచిపెట్టారనీ, ఇప్పుడు కోయంబత్తూరు తీసుకుపోయి కోయించబోతున్నారనీ పక్కింటి వెళ్ళత్తాయి చెప్పిందట. చెప్పింది జక్కమ్మతో కాదు, పాలు పోసే ఆమెతో. ఆమె ఆ మాటను పాలతోపాటు తెచ్చి జక్కమ్మ కోడలు సుగంధి చెవిలో పోసి, "మీ అత్తకు దినమూ దానిమ్మ రసం ఇయ్యి, పావం" అని సలహా కూడా ఇచ్చి పోయింది. సుగంధి నవ్వు ఆపుకుంటూ లోపలికి వచ్చేసరికి గడ్డ మోస్తున్న మనిషి వాకిట్లో కాళ్ళు చాపుకుని, రెండో విడత చద్దన్నంలోకి ఉల్లిపాయ కొరుకుతూ ఉంది.

పొద్దెక్కకముందే వెళ్ళత్తాయే హార్లిక్స్ సీసా పట్టుకుని వచ్చింది.

"ఏం వదినా, ఒళ్ళు ఎట్ల ఉండాది?"

"ఒళ్ళుకేం, ఉండేచోటే ఉండాది."

"కోయంబత్తూర్లో రెండు దినాలకు రూము ఎత్తినారంటనే?"

"ఆమా, ఎత్తినాము."

"ఏం పని మీద?"

"పనేం లేదు. ఊరు చూడను."

వెళ్ళత్తాయి ఆమె చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. "చెప్పకుంటే పరవాలేదు వదినా. పైన సామి ఉండాడు." హార్లిక్స్ సీసా తిన్నె మీద పెట్టి, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

వెళ్ళత్తాయి తప్పేమీ లేదు. అరవనాట రాజపాళయంలో ఆ తెలుగోళ్ళ వీధి పుట్టిన నాటినుంచీ పని లేకుండా పట్టణానికి పోయినవాళ్ళు లేరు. మదురై అంటే కళ్ళ ఆపరేషన్, లేకుంటే కోర్టు వాయిదా. మెడ్రాస్ అంటే ఎవరి పెళ్ళో, ఎవరి ఇంటర్వ్యూనో. కోయంబత్తూరంటే రెండే రెండు: కాలిపోయిన మోటారు, కాకుంటే మంచాన పడ్డ మనిషి. జక్కమ్మ మొగుడు పళనిసామి మామిడి తోటలో మోటారు రాత్రీపగలూ దున్నపోతులా రొప్పుతూనే ఉంది, వీధంతా వింటూనే ఉంది. ఇక మిగిలింది మనిషే కదా!

జక్కమ్మ మాత్రం తక్కువా? ఆమె చూసిన పట్టణాలన్నీ పని చూపించినవే. మదురైలో ఆమెకు తెలిసింది కళ్ళాస్పత్రి మెట్లు. మెడ్రాస్‌లో తెలిసింది ఒక కళ్యాణమండపం వంటిల్లు. కోయంబత్తూరులో తెలిసింది ఆస్పత్రికీ ఇడ్లీ కొట్టుకీ నడుమ ఉన్న చెరువు గట్టు. ఊరికి పోవడమంటే ఆమెకు ప్లాస్కు కడగడంతో మొదలయ్యేది. ప్లాస్కు, తువ్వాళ్ళు, గంజి గిన్నె, మూతికి గుడ్డ కట్టిన చెంబు. ఇవి సర్దగా సంచిలో మిగిలిన సందులో ఆమె చీర దూరేది.

ఈసారి మాట ఎత్తింది కొడుకు ముత్తుకుమార్. స్పిన్నింగ్ మిల్లు ఆఫీసులో పని చేస్తాడు. మామిడి కోతలు ముగిసి తోట ఊపిరి పీల్చుకుంటున్న రోజుల్లో, ఒక ఆదివారం అన్నం దగ్గర అన్నాడు: "తోట నేను చూసుకుంటాను. గుళ్ళు చూసినారు, చాలు. ఈ తడవ మీరిద్దరూ ఏదైనా ఒక ఊరు చూసి రాండి. ఇప్పుడు ఊర్లన్నీ మారిపోయినాయి నాయనా. పాత బజార్లో నడిచేదానికి వెడల్పుగా దోవ వేసినారు. పాడుపడిన గోడలమీద బొమ్మలు గీసినారు. మునుపు ముక్కు మూసుకున్న చోట ఇప్పుడు జనం ఐస్‌క్రీం తింటా ఉండారు."

ఆ రోజునుంచీ ఇంట్లో పెళ్ళిచూపులే. పెళ్ళికూతుళ్ళ బదులు ఊళ్ళు. సుగంధి ఫోన్లో ఒక్కో ఊరినీ అలంకరించి మామ ముందు నిలబెట్టేది. పళనిసామి ఒక్కోదానికీ వంక పెట్టేవాడు.

"మెడ్రాస్ చూడండి మామా. అంగళ్ళ బజారులో కార్లకు దోవ తగ్గించి మనుషులకు పెంచినారు."

"నడవను మెడ్రాస్ దాకా పోవాల్నా? తోటకు నడుస్తా ఉంటే చాలదా?"

"పాండిచ్చేరి? సాయంత్రమైతే సముద్రం పక్కన బండ్లే విడిచిపెట్టరంట."

"పాండిచ్చేరి పోయి వచ్చినానంటే నన్ను ఎవడు నమ్ముతాడు? ఊరంతా వచ్చి నా నోరు వాసన చూస్తారు."

"విశాఖపట్టణం?"

ఆ పేరు వినగానే జక్కమ్మ చిక్కుడుకాయ గిల్లడం ఆపింది. "ఆడ అందరూ మన బాసే మాట్లాడతారంటనే."

"మాట్లాడతారు. బోర్డు చదవను నీకు వస్తాదా? మన బాసలో రాసింది చదివి చెప్పను మళ్ళా ఒక ఆళును పెట్టుకోవాల."

"మనం నోరు తెరిస్తే వాళ్ళు మనల్ని అరవోళ్ళు అంటారంట మామా" అంది సుగంధి.

"విన్నావా? ఈడ అందరూ మనల్ని తెలుగోళ్ళంటారు. అరవోళ్ళు అయ్యేదానికా అంత దూరం బస్సెక్కి పోయేది?"

జక్కమ్మకు నవ్వొచ్చింది. ఈయనకు ఏ పిల్లా నచ్చదు, నచ్చకపోవడమే ఈయనకు నచ్చుతుంది. మళ్ళీ చిక్కుడుకాయల మీద చెయ్యి పెట్టబోతుంటే సుగంధి ఇంకో బొమ్మ తిప్పింది. నీళ్ళ ఒడ్డున రాళ్ళు పరిచిన దోవ, వరసగా లైట్లు, బల్లలమీద కుటుంబాలు. వెనకాల గట్టు ఒకచోట వంగి, బస్టాండు వైపు తిరిగింది.

"ఇది ఏ ఊరు?"

"కోయంబత్తూరు అత్తా. ఉక్కడం చెరువు."

జక్కమ్మ ఫోను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. ఆ వంపు ఆమెకు తెలుసు. అత్తగారిని ఆస్పత్రిలో పెట్టినప్పుడు పొద్దునా సాయంత్రమూ ప్లాస్కు పట్టుకుని ఆ వంపు తిరిగింది. నీళ్ళు కనబడేవి కావు, గుర్రపుడెక్క కప్పేసి ఉండేది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పరుగులాంటి నడక నడిచేది. అయినా వార్డులో అడుగు పెట్టగానే ముసలామె మంచం మీదనుంచి, "గట్టు మింద వచ్చినావు కదా? ఇడ్లీ నువ్వే తిను" అని గోడవైపు తిరిగేది. బాగుపడి ఇంటికి వచ్చాక కూడా, బతికినన్నాళ్ళూ ఇడ్లీ పెడితే ముందు వాసన చూసేది.

"ఈడికే పోదాం" అంది జక్కమ్మ.

"నువ్వు చూసిన ఊరే కదే" అన్నాడు పళనిసామి.

"చూడలేదు. ముక్కు మూసుకున్నాను. కళ్ళు యాడ తెరిచినాను? ఒక తడవ పని లేకుండా, చేతిలో ఏమీ లేకుండా, ఆ గట్టు మింద మెల్లగా నడవాల. అంతే."

పెళ్ళయిన నాటినుంచీ ఆమె ఏదీ అంత తిన్నగా అడిగింది లేదు. పళనిసామి మీసం గోక్కుని, "సరి" అన్నాడు.

అన్నాడు గానీ, గడ్డ పుకారు పుట్టాక ఆయనకు వీధిలో తల ఎత్తుకోవడం కష్టమైపోయింది. టీ కొట్టుకు పోతే పక్కకు పిలిచి ధైర్యం చెబుతున్నారు. తెలిసిన డాక్టరు పేరు ఒకడిస్తే, పథ్యం ఒకడు చెబుతున్నాడు. "చూడను పోతాండాం" అంటే, "ఆమా ఆమా, చూపించండి, చూపించేది మంచిదే" అంటున్నారు. చివరికి ఒక పని ఉంటే తప్ప ఈ అవమానం వదలదని ఆయన తేల్చుకున్నాడు. పని దొరకడం ఎంతసేపు? వెళ్ళత్తాయి మొగుడు సంజీవి మోటారు కాలిపోయి ఉంది. ఈ ఊళ్ళో కాయిల్ కట్టిస్తే ఒక వేసంగికే మళ్ళీ కాలుతుందనీ, కోయంబత్తూరులో కట్టించిందే నిలుస్తుందనీ సంజీవి నమ్మకం.

బయలుదేరే పొద్దున జక్కమ్మ తల దువ్వుకుని, కొత్త చీర కట్టుకుని వాకిట్లోకి వచ్చింది. తన సంచి పక్కన గోనెసంచి ఒకటి కూర్చుని ఉంది, పిలవని పేరంటానికి వచ్చినట్టు.

"ఇదేంది?"

"సంజీవి మోటారు. అట్ట దోవలోనే కదా, ఇచ్చేసి..."

జక్కమ్మ తిన్నె మీద కూర్చుంది. చెప్పులు విప్పి పక్కన పెట్టింది.

"ఏమే, బస్సుకు పొద్దయింది."

"నువ్వూ మోటారూ పోయి రాండి. దానికి కిటికీ పక్కన సీటు ఎత్తు. ఊరు చూస్తాది."

"విను. ఏం పని మీద పోతాండారని దోవలో నలుగురు అడుగుతారు. ఏం చెప్పేది?"

"ఊరికే అని చెప్పు."

"ఊరికే అంటే? ఏ ఊరికి, ఏం పనికి అని మళ్ళా మొదలుపెడతారు."

సుగంధి తలుపు చాటున కొంగు నోట్లో కుక్కుకుంది. జక్కమ్మ మాత్రం నవ్వలేదు. తన సంచి మొగుడి ముందుకు జరిపి, మూతి విప్పింది.

"చెయ్యి పెట్టి చూడు."

ఆయన చూశాడు. రెండు చీరలు, దువ్వెన, పౌడరు డబ్బా, ఆయన పంచెలు, ఆయన తుండు.

"ప్లాస్కు ఉండాదా?"

"లేదు."

"గంజి గిన్నె?"

"లేదు."

"ఇన్నేళ్ళలో నా సంచి ఇట్ట ఉండి ఎప్పుడైనా చూసినావా? తూకం చూడు, పూలబుట్ట మాదిరి ఉండాది. దీని పక్కన ఆ ఇనుము ఎక్కిస్తే నేను రాను. నీకు పని కావాల. నాకు వద్దు."

పళనిసామి సంచిని అరచేత్తో ఎత్తి, దించాడు. ఇంకోసారి ఎత్తాడు. తర్వాత గోనెసంచి భుజానికెత్తుకుని పక్కింటి వైపు నడిచాడు. అక్కడ ఏం చెప్పాడో ఏమో, తిరిగొచ్చేటప్పుడు వెళ్ళత్తాయి వెనకే గడపదాకా వచ్చి, "మోయలేని కష్టంలో ఉండారు, మనదొకటి ఎందుకు" అని మొగుణ్ణి సముదాయిస్తున్న మాట ఈ ఇంట్లోకి బాగానే వినబడింది.

కోయంబత్తూరులో మొదటి సాయంత్రం వాన వచ్చి రూములోనే గడిచిపోయింది. రెండో సాయంత్రం ఎండ మెత్తబడ్డాక ఇద్దరూ గట్టు మీదికి వచ్చారు. వంపు దగ్గరకు రాగానే జక్కమ్మ చెయ్యి దానంతట అదే కొంగు అంచు పట్టుకుని ముక్కు దాకా వెళ్ళింది. అక్కడ ఆగింది. ఆమె ఊపిరి పీల్చి చూసింది. తడి రాళ్ళు, కాల్చిన మొక్కజొన్న, ఎవరి జడలోనో మల్లెపూలు. కొంగు వదిలేసి నడిచింది.

పళనిసామి పక్కనే నడుస్తూ గొణుగుతున్నాడు. "ఇన్ని నీళ్ళు పెట్టుకొని ఒక మడి పండించరు పాపం. లైట్లు పెట్టినారు, చేపలు చదువుకునేదానికి." కాసేపటికి గొణుగుడు తగ్గింది. మొక్కజొన్న పొత్తు కొన్నాడు. గింజలు ఒలిచి ఆమె చేతిలో పోస్తూ, "మా అమ్మ ఉండి చూసి ఉంటే" అన్నాడు.

"చూసి ఉంటే ఇడ్లీ అడిగి ఉంటాది."

ఇద్దరూ నవ్వుకుంటూ ఖాళీ బల్ల కోసం చూశారు. ఒక బల్ల మీద మనిషి ఒకడు, పక్కన సీటులో గోనెసంచి. ఆ సంచిని జక్కమ్మ ముందు గుర్తు పట్టింది, మనిషిని తర్వాత.

సంజీవి! మోటారు తానే మోసుకొచ్చి, అంగడి మూసి ఉంటే తెల్లారేదాకా పొద్దు గడపను బస్టాండు పక్కన గట్టెక్కి కూర్చున్నాడు. వీళ్ళను చూసి గబుక్కున లేచాడు. జక్కమ్మ కడుపు వైపు చూశాడు, ఆమె చేతిలో మొక్కజొన్న గింజలు చూశాడు, గొంతు తగ్గించాడు.

"ఏం అన్నా, వదినను ఇట్ట నడిపిస్తాండావు? డాక్టరు నడవమన్నాడా?"

పళనిసామి గొంతు సవరించుకున్నాడు.

"నాతో చెప్పు అన్నా. ఏ ఆస్పత్రి? వెళ్ళత్తాయి సామి మింద ఒట్టు పెట్టి కనుక్కొని రమ్మనింది. పని లేకుండా ఎవరైనా ఇంత దూరం వస్తారా?"

జక్కమ్మ నీళ్ళవైపు తిరిగి నిలబడింది. మొగుడి ముఖం చూడనక్కరలేదు ఆమెకు. ఆ నోట్లో ఇప్పుడు ఎన్ని పనులు తిరుగుతున్నాయో తెలుసు: పంపుసెట్టు విచారించను, చుట్టాన్ని చూడను, గ్రైండరు బేరం చెయ్యను. ఏ ఒక్కటి బయటికి వచ్చినా ఈ గట్టు మళ్ళీ ఆస్పత్రికీ ఇడ్లీ కొట్టుకీ నడుమ దోవ అయిపోతుంది. ఆమె గింజలు నమలడం ఆపి వింటూ నిలబడింది.

పళనిసామి మోటారు సంచిని రెండు చేతులా ఎత్తి కింద పెట్టాడు. ఖాళీ అయిన చోటును తుండుతో దులిపి, పెళ్ళాన్ని కూర్చోమని చెయ్యి చూపించాడు.

"ఆస్పత్రీ లేదు, ఏమీ లేదురా. మీ వదిన ముక్కు మూసుకోకుండా ఈ గట్టు మింద నడవాలన్నది, నడిపించను వచ్చినాను. నీ పెండ్లాం పక్కన నువ్వు ఒక దినమన్నా ఊరికే నడిచినావా?"