మిరప ఘాటు అట్టలు

చిలకలూరిపేట దాటాక ఉన్న మా మిల్లులో చిత్తుకాగితాలు, చిరిగిన గోనెసంచులు నానబెట్టి, గుజ్జు చేసి, పుస్తకాలకు అట్టలు పోస్తాం. సంచులు దులపడం ఎలీసమ్మ పని. ఎనభై రెండు దాకా తను మిరప కల్లాల్లో తొడిమలు తీసేది. దగ్గు పట్టుకుని మనిషి సగమైపోతే నేనే ఇక్కడ పెట్టించాను. నేను మాత్రం సెలవు రోజుల్లో ఇంకా కల్లానికి పోతుండేదాన్ని.

ఎనభై నాలుగు వేసవిలో ఒకరోజు మబ్బు పట్టింది. ఆరేసిన అట్టలు తెమ్మని ఎలీసమ్మను తోలి, దులపని మిరప సంచులు నేనే తొట్టిలోకి తోసేశాను. నీళ్ళల్లో పడ్డాక ఇంకేం ఘాటులే అనుకున్నాను. నా బుద్ధి అంత.

ఆ అట్టలు కొన్న అలీ సాహెబ్ వారం తర్వాత సింగరాయకొండ నుంచి సరుకంతా వెనక్కి తెచ్చాడు. ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకునే లారీ దిగాడు.

"ఏం అట్టలండీ ఇవి! నోటుపుస్తకాలు కుట్టేవాళ్ళంతా ఒకటే తుమ్ములు. పిల్లలు ఇవి పట్టుకుని కళ్ళు నలుపుకుంటే ఏంగాను?"

మా యజమాని వెంకటనారాయణ గారు ఓ అట్ట వాసన చూశారు. నేనూ చూశాను. ఆయన ముప్పై ఏళ్ళు మిరప పండించిన మనిషి. మా ఇద్దరికీ ఏమీ తెలియలేదు. ఎలీసమ్మ చేతికి ఎవరూ ఇవ్వలేదు.

"సంచులు దులిపేది నువ్వే కదే!" అని ఆమె మీద మండిపడ్డారు. "ఈ సరుకు మళ్ళీ నానేసి కడిగిందాకా ఉండు. తర్వాత కల్లానికే పో."

ఎలీసమ్మ నా వంక చూసింది. నేను తల దించుకున్నాను. నా పని కూడా పోతుందని భయం. సిగ్గులేనిదాన్ని.

అట్టలు మళ్ళీ గుజ్జయ్యాయి. మూడుసార్లు నీళ్ళు మార్చాం. యజమాని పిడికెడు తీసి వాసన చూసి, "పోయింది" అన్నారు. నేనూ పోయిందన్నాను. సెలవు చెప్పడానికి వచ్చిన ఎలీసమ్మ తొట్టి మీదికి వంగింది. ఒక తుమ్ము. వెంటనే ఇంకోటి.

"ఇంకా ఉందండీ," అంది కళ్ళు తుడుచుకుంటూ.

ఆయన పిడికిట్లో గుజ్జు తొట్టిలోకి విదిల్చారు. "మిరప ఘాటుకు మా ముక్కులెప్పుడో చచ్చాయి. నువ్వు కల్లం మానేశావు గనక నీది బతికింది. రేపట్నుంచి ప్రతి తొట్టీ నువ్వే చూసి చెప్పు. కల్లానికి పోనక్కర్లేదు."

అప్పటికి నా నోరు పెగిలింది. "దులపకుండా వేసింది నేనండీ."

"అయితే నాలుగోసారి నువ్వే కడుగు, బసవమ్మా," అన్నారాయన.

"ఇప్పుడా అక్కా చెప్పేది?" అంది ఎలీసమ్మ, బిందె అందిస్తూ.

తొట్టిలో దిగి తొక్కాను. ఎవరూ చూడకుండా దోసెడు గుజ్జు తీసుకుని గట్టిగా పీల్చాను. ఏమీ తెలియలేదు. ఎలీసమ్మ మీద అసూయ పుట్టింది, ఏడుపూ వచ్చింది. ఆ ఏడు ఇక కల్లానికి పోలేదు.