కోటుకు కొత్త చిల్లు

మాజీ సైనికుల సంఘం వార్తాపత్రిక అంటే పెద్దదేం కాదు, మడతపెట్టిన ఒక్క కాగితం. మొదటి పేజీలో అధ్యక్షుడి ఫొటో, లోపల అధ్యక్షుడి సందేశం, చివర్న ఆ నెల పోయినవాళ్ళ పేర్లు. చస్తే తప్ప మామూలు సిపాయికి ఇందులో చోటు దొరకదని సభ్యులే నవ్వుకునేవాళ్ళు. ఈసారి మాత్రం కొత్త ప్రకటన పడింది. సంఘం భవనంలో పేకాట గదిని ఖాళీ చేసి యుద్ధ జ్ఞాపకాల గది పెడుతున్నారు. అటకల మీదా ట్రంకు పెట్టెల అడుగునా ఉన్న టోపీలు, బూట్లు, కోట్లు తెచ్చివ్వండి, మన చరిత్రను చెదలకు వదలకండి అని.

ఆ కాగితం పట్టుకుని కార్యదర్శి తిన్నగా రఫూ అత్త ఇంటికి వచ్చాడు.

ఊరందరికీ ఆమె రఫూ అత్తే. చిరిగిన బట్టకు ఆ బట్ట అంచులోంచే పోగులు లాగి, సూదితో అల్లి, అసలక్కడ చిరుగే లేదనిపించడం ఆమె పని. మొగుడు యుద్ధంలో పోయాక ఆ సూదితోనే కొడుకుని పెంచింది.

"అత్తా, మామ కోటు నీ దగ్గరుందంట కదా. తూటా చిల్లు పడ్డ కోటు చుట్టుపక్కల అదొక్కటే."

"చిల్లు ఎక్కడుందో తెలుసా నీకు?"

కార్యదర్శి గోడ వైపు చూశాడు. తెలియందెవరికి?

సామానుతో పాటు కోటు ఇంటికొచ్చిన రోజున పరామర్శకు వచ్చినవాళ్ళందరి ముందూ తోడికోడలే దాన్ని విప్పి దులిపింది. వీపు మీది చిల్లులోంచి వేలు దూర్చి, "ఓలమ్మో, మా మరిది వెన్ను చూపాడే!" అంది. అదే యుద్ధంలోంచి బతికొచ్చిన మనిషి ఊళ్ళో ఒకడున్నాడు, ఇప్పుడు సంఘానికి అధ్యక్షుడు ఆయనే. ఎలా పోయాడయ్యా అని అడిగితే, "పోయినోడి గురించి ఏం చెప్పమంటారు?" అని తల దించుకున్నాడు. ఆ దించిన తలే సాక్ష్యమైపోయింది. అప్పట్నుంచి చచ్చినవాడి పేరు పరుగు. వాడి కొడుకు బడిలో పరుగు గారబ్బాయి. పెద్దయి బస్సు డ్రైవరైనా వదల్లేదు. బండి కాస్త నిదానిస్తే చాలు, "మీ నాన్న స్పీడు నీకు రాలేదేంటయ్యా?" అని వెనక సీటు నుంచి ఎవడో ఒకడు అనేవాడు, బస్సంతా పళ్ళికిలించేది.

"ఎక్కడుంటే ఏంలే అత్తా. కింద పలక మీద వీరమరణం అని రాయిస్తాం. పెయింటుతో, పెద్దక్షరాలు."

ఆ ఒక్క మాట కోసం ఆమె జీవితమంతా చెవులు రిక్కించి కూర్చుంది. "పోయి రేపు రా" అంది.

అతను వెళ్ళాక ట్రంకు పెట్టె తీసింది. కోటు ఉతికింది, ఆరేసింది. ఆరిన కోటు మీద చిల్లు మళ్ళీ నోరు తెరుచుకుని చూసింది. దీన్ని గాజుపెట్టెలో పెట్టి ఊరికి చూపించడమా? ఊళ్ళో అందరి చిరుగులూ మూసిన చెయ్యి ఇన్నాళ్ళూ ఈ చిల్లు జోలికి వెళ్ళలేదు. లోపలి అంచులోంచి పోగులు లాగి కూర్చుంది. ఒకటి పైనుంచి, ఒకటి కిందనుంచి. పని అయ్యాక కిటికీ వెలుగుకు ఎత్తి చూసింది. నలుసంత వెలుగైనా ఇవతలికి రాలేదు.

మర్నాడు కార్యదర్శి కోటును అటూ ఇటూ తిప్పాడు, తిరగేశాడు, దులిపాడు. "చిల్లేదీ?"

"మూసేశా."

"నీ చేతులు పడిపోను! చిల్లు లేని కోటు మాకెందుకు, దిష్టిబొమ్మకు తొడగడానికా?"

విషయం తెలిసి అధ్యక్షుడే వచ్చాడు. కుర్చీలో కూర్చుని కోటు వీపంతా అరచేత్తో తడిమాడు. చాలాసేపు తడిమాడు. ముళ్ళకంపలోంచి పంచె చిరక్కుండా బయటపడ్డ మనిషిలా మొహం విప్పారింది.

"బంగారంలాంటి పని చేశావు చెల్లెమ్మా. చిల్లు కావాలి, అంతే కదా? ముందు పెడదాం, గుండె మీద."

కార్యదర్శి నసిగాడు. "అబద్ధం అవుతుందేమోనండీ..."

"ఒరేయ్, చరిత్రను కాపాడ్డమంటే ఏమనుకున్నావు? బూజు దులపడమా?" ఆమె వైపు తిరిగాడు. "నీ ఇంటికి పట్టిన మకిలి ఇవాళ్టితో వదుల్తుంది. ఏమంటావు?"

ఆమె లేచింది. పొయ్యి వెలిగించి ఇనుపచువ్వ ఎర్రగా కాల్చింది. కార్యదర్శి అందుకుని బొత్తాల పక్కన ఆనించబోయాడు. "ఇలా తే. బట్ట సంగతి నీకేం తెలుసు?" అని లాక్కుని, ఎడమ రొమ్ము మీద తనే దించింది. అంచులు కాస్త పీకి, చుట్టూ టీ డికాషన్ అద్దింది. నెత్తురు పాతబడితే ఏ రంగులోకి తిరుగుతుందో ఆమెకు తెలుసు.

ప్రారంభోత్సవానికి గది కిక్కిరిసింది. బట్టల షాపులోంచి తెచ్చిన బొమ్మకు కోటు తొడిగారు. పెళ్ళి సూట్ల బొమ్మ అది, మీసం దిద్దినా దాని నవ్వు మాత్రం చెరగలేదు. గుండెలో చిల్లు పెట్టుకుని వచ్చినవాళ్ళందరినీ చూసి నవ్వుతోంది. గాజుపెట్టె వీపు గోడకానించారు.

"నా కళ్ళారా చూశాను," అన్నాడు అధ్యక్షుడు మైకులో. "శత్రువుకు రొమ్ము చూపించి నిలబడ్డాడు!"

చప్పట్లు మోగాయి. ఆ తోడికోడలే ముక్కు చీదుకుంటూ వచ్చి ఆమెను కావలించుకుంది. "మీ నాన్న సింహమయ్యా," అని ఎవడో కొడుకు భుజం తట్టాడు. కొడుకు కొత్త చొక్కాలో గదంతా తిరుగుతున్నాడు. రఫూ అత్త పలక మీద పెద్దక్షరాలను వేలితో తడిమి, మళ్ళీ మళ్ళీ తడిమి, కొంగుతో కళ్ళొత్తుకుంది.

అప్పుడొచ్చాడు గరిటె. పోయినాయన దళానికి వంటవాడు, అందరూ పిలిచే పేరదే. ఎక్కడో దూరాన కూతురి దగ్గరుంటున్నాడు, పత్రికలో కోటు సంగతి చదివి బస్సులు మారి వచ్చాడు. కర్ర పోటేసుకుంటూ గాజుపెట్టె చుట్టూ తిరగబోయి, గోడకు తగిలి ఆగాడు.

"ఇటు తిప్పండయ్యా బొమ్మని. చిల్లుండేది వెనక కదా!"

గది చల్లబడింది.

"తాతా, కళ్ళజోడు మర్చిపోయావా? ముందే ఉంది చూడు," అన్నాడు కార్యదర్శి.

"నాకు చెప్తావంట్రా? ఆయన శవాన్ని ఇదిగో వీడి మీంచి లాగింది నేను!" కర్ర అధ్యక్షుడి వైపు లేచింది. "కాలవలో బోర్లాపడి అమ్మా అమ్మా అని ఏడుస్తున్నాడు వీడు, ఒంటిమీద గీత లేదు. ఆయన అవతలికి చేరినవాడల్లా వెనక్కొచ్చాడు. తూటాలకు వీపు అడ్డంపెట్టి, వంగి వీణ్ణి ఎత్తుకుంటుంటే తగిలింది. ఆ వీపు లేకపోతే వీడేడీ?" అని అధ్యక్షుడి మొహంలోకి చూశాడు. "ఊళ్ళో చెప్పలేదంట్రా నువ్వు?"

అధ్యక్షుడు నవ్వాడు. "వీడికి ఉప్పుకీ పంచదారకీ తేడా తెలీక దళమంతా పస్తులుండేది. యుద్ధం గురించి చెప్పొచ్చాడు!"

జనం ఘొల్లుమన్నారు. నవ్వాలని చూస్తున్నవాళ్ళకు ఆ మాట చాలు.

రఫూ అత్త నవ్వలేదు. గాజుపెట్టె ముందుకు వచ్చి, "తాళం తియ్యి. కుట్టు విప్పుతా," అంది.

అధ్యక్షుడు ఆమె పక్కకు వచ్చి మెల్లిగా, ప్రేమగానే అన్నాడు. "విప్పు చెల్లెమ్మా. మరి ముందున్నది ఎవరు కాల్చారంటే ఏం చెప్తావు? నీ చెయ్యే కదా? ఒకటి దొంగ చిల్లయితే రెండోది దొర చిల్లని ఎవడు నమ్ముతాడు?"

ఆమె కొడుకు వైపు చూసింది. "విన్నావంట్రా? మీ నాన్న పారిపోలేదురా. వెనక్కొచ్చాడు!"

కొడుకు ఆమె మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "అమ్మా, ఇంటికి పద. పుట్టి బుద్ధెరిగాక ఇవాళే నన్ను పరుగు గారబ్బాయి అనలేదు. మళ్ళీ వీపు మాటెత్తావంటే నీ గుమ్మం తొక్కను."

"నిజంరా అది!"

"అయితే అవనీ. వీపంటే జనానికి వినపడేది ఒకటే."

గరిటెను ఎవరో చెయ్యి పట్టి బయట బెంచీ మీద కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు. వచ్చిన బస్సులోనే పంపేశారు. తర్వాత ఆయన పేరు పత్రికలో ఒక్కసారే పడింది, చివరి పేజీలో.

చలికాలం పోతుండగా కోటుకు పురుగు పట్టకుండా కలరా ఉండలు పెట్టడానికి గాజుపెట్టె తెరిచారు. కార్యదర్శికి జాలేసిందో సరదా పుట్టిందో గానీ, ఆమెకు కబురు పెట్టాడు. "నే టీ తాగొచ్చేలోపు నీ ఇష్టం అత్తా. కుట్టు దొరికితే విప్పుకో."

ఆమె కోటును బల్ల మీద బోర్లా పరిచింది. కళ్ళద్దాలు పెట్టుకుంది, తీసేసింది. కళ్ళు మూసుకుని వేళ్ళతో వెతికింది. కాలరు నుంచి అంచు దాకా, మళ్ళీ అంచు నుంచి కాలరు దాకా. ఇంకొకరి పనైతే వేలికి ఎక్కడో అక్కడ తగిలేది. సూది పైకెత్తి పట్టుకుని, ఎక్కడ గుచ్చాలో తెలీక అలాగే నిలబడిపోయింది.

"దొరికిందా?" అన్నాడు కార్యదర్శి మూతి తుడుచుకుంటూ.

"లేదు."

"నీ పనితనమే నీకు శత్రువైందే!" అని నవ్వి, కోటు లాక్కుని బొమ్మకు తొడిగి బొత్తాలు పెట్టాడు. బీరువాలోంచి ఇంకో కోటు తీసి ఆమె చేతిలో పెట్టాడు. "అధ్యక్షులవారిది. వచ్చే నెల ఇదీ పెడుతున్నాం. కాస్త అరిగింది, నీలా తెలీకుండా చేసేవాళ్ళు ఎవరున్నారు చెప్పు?"

ఆమె తిప్పి చూసింది. వీపు కొత్తబట్టలా ఉంది. మోచేతులూ పొట్టా మాత్రం నేలకు రాసుకుని రాసుకుని పోగులు తేలిపోయాయి.

బయట కొడుకు బస్సు ఆపి హారన్ కొడుతున్నాడు. ఆమె కోటు మడిచి చంకలో పెట్టుకుని మెట్లు దిగింది.

"పోనివ్వవయ్యా సింహం గారబ్బాయీ!" అని వెనక సీటు నుంచి ఎవడో అరిచాడు. బస్సంతా నవ్వింది, డ్రైవరు కూడా.